నెలకు ఎన్ని ప్యాకెట్లు?

మహారాష్ట్ర అంచున పాతగూడెం దాటితే ఇంద్రావతి, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్ వైపు భోపాలపట్నం. వెనక్కి సిరొంచకు వస్తే ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, అడవి పక్క ఊళ్లలో మాడియా, గోండీ. మాటలు ఎన్ని దిక్కుల నుంచి వచ్చి ఇక్కడ కలిశాయో, వంటింట్లోకి నూనెలూ అన్ని దిక్కుల నుంచే వచ్చాయి. విదర్భ సోయా పండే నేల కాబట్టి చంద్రపూర్, నాగపూర్ దారిన సోయా ప్యాకెట్లు. గోదావరి దాటి తెలంగాణ వైపు నుంచి పల్లినూనె, పొద్దుతిరుగుడు నూనె. సర్కారు సరుకుల సంచిలో పామాయిల్. వీటన్నిటికంటే ముందునుంచీ అడవిలో ఉన్నది ఇప్పనూనె. ఇన్ని కళ్లముందు ఉన్నప్పుడు "వీటిలో ఒంటికి మంచిది ఏది?" అని అడగాలనిపిస్తుంది. అది అడగవలసిన ప్రశ్నే కానీ వరుసలో మూడోది. మీ ఇంట్లో మనిషికి నెలకు ఎంత నూనె పడుతోంది అన్నది మొదటిది. నూనె పక్కన పెడితే మీ కంచంలో ఇంకేం ఉంది అన్నది రెండోది. ఈ రెండూ తేలకుండా నూనె పేరు ఒక్కటి మార్చితే ఒరిగేది చాలా తక్కువ. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాటకు రుజువులు వెతకడమే.

ఏ నూనెకైనా గ్రాముకు తొమ్మిది కిలోకేలరీలు. గానుగలో ఆడించినదానికీ అంతే, మిల్లులో శుద్ధి చేసినదానికీ అంతే, "లైట్" అని ప్యాకెట్ మీద రాసినదానికీ అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో దేశ ప్రజలకు కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీల తిండి తినే మనిషికి అందులో చూపిన నమూనా కంచంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నెలకు లెక్కవేస్తే 810 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, మనిషికి నెలకు లీటరుకు కాస్త తక్కువే. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి మూడున్నర లీటర్లు. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం 2020-21 నాటికి దేశంలో తలసరి వంటనూనె వాడకం ఏడాదికి 19.7 కిలోలు, అంటే రోజుకు 54 గ్రాములు. చూపిన నమూనాకు సరిగ్గా రెట్టింపు. ఇందులో హోటళ్లూ, మిఠాయి దుకాణాలూ, చిప్స్ ఫ్యాక్టరీలూ ఉన్నాయి. మన కడాయిలో పోసింది మాత్రమే కాదు. అలాగని ఆ మిఠాయీ చిప్సూ తింటున్నది కూడా మనమే కదా.

రెట్టింపు నూనె తాగుతున్న ఇంట్లో సోయా తీసేసి గానుగ పల్లినూనె తెచ్చారనుకోండి. కొవ్వు రకం కొద్దిగా మారుతుంది, కేలరీలు మారవు, నడుము చుట్టుకొలత మారదు. డబ్బు మాత్రం ఎక్కువ పోతుంది. ఆ ఇంట్లోనే నూనె పేరు మార్చకుండా నెలకు రెండు ప్యాకెట్లు తగ్గిస్తే శరీరానికీ లాభం, సంచికీ లాభం. అందుకని ఈ నెల ఒక పని చేసి చూడండి. ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టి, ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. లీటరు అని కాకుండా గ్రాములు చూసి లెక్క కట్టాలి, ఎందుకంటే చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి తూకం తక్కువున్నవి అంగట్లో ఉంటాయి. ఎండాకాలం మామిడికాయ పచ్చడికీ పండుమిరప పచ్చడికీ పోసిన నూనె ఆ ఒక్క నెలకు రాయకూడదు. పచ్చడి ఎన్ని నెలలు తింటారో అన్ని నెలలకు పంచాలి. బయట తిన్న మిర్చి బజ్జీ, పొద్దున టీతో తిన్న ఖారీ ఈ లెక్కలోకి రావు. అవి ఎక్కువైతే మీ అంకె చూపేదానికంటే అసలు వాడకం ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. "పట్నంలో కూర్చుని పనిచేసేవాళ్లకు చెప్పే మాట అడవి పక్క ఊరికి ఎలా అతుకుతుంది?" అంటారు. నిజమే, అన్ని ఇళ్లకూ ఒకే మాట అతకదు. సిరొంచ బజారులో రోజంతా గల్లా ముందు కూర్చునే మనిషీ, కలుపు తీసి, ఆకు కోసి, కట్టెలు మోసి వచ్చే మనిషీ ఒకే తాలూకాలో ఉన్నారు. అదే పోషకాహార సంస్థ 2010లో ఇచ్చిన లెక్కల్లో కూర్చుని పనిచేసే మగవాళ్లకు 25 గ్రాములు, ఆడవాళ్లకు 20, బరువు పనులు చేసేవాళ్లకు వరుసగా 40, 30 గ్రాముల నూనె చెప్పారు. గర్భిణికి 30. నెలకు లీటరు నూనె ఇంటిల్లిపాదికీ సర్దుకునే ఇంట్లో "నూనె తగ్గించండి" అంటే అది సలహా కాదు, వెక్కిరింత. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడు కావాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లన్నీ కొవ్వులో కరిగేవే. చిన్నపిల్లల పొట్ట చిన్నది, అన్నం ఎంత పెట్టినా కొంతే పడుతుంది. ఆ కొద్ది అన్నంలోనే ఒక చెంచా నూనె కలిపితే శక్తి పెరుగుతుంది. కాబట్టి లెక్క తీసుకున్నాక అంకె తక్కువొస్తే పెంచుకోవాలి, ఎక్కువొస్తే తగ్గించుకోవాలి. లెక్క తీయకుండా ఎవరు ఏ వైపు ఉన్నారో తెలియదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, కంచంలో ఇంకేం ఉందన్నది. అది తేలాలంటే ముందు నూనెల్లో ఏముందో తెలియాలి. నూనెలన్నీ మూడు రకాల కొవ్వుల కలయికలే. మొదటిది సంతృప్త కొవ్వు. చలికి గడ్డకట్టే గుణం దీనిది, నెయ్యిలో మూడింట రెండు వంతుల దాకా, కొబ్బరినూనెలో నూటికి 90 పాళ్ల దాకా ఇదే. రెండోది ఏక అసంతృప్త కొవ్వు. పల్లినూనెలో సగానికి దగ్గరగా, తవుడు నూనెలో, నువ్వుల నూనెలో 40 పాళ్ల చొప్పున ఉంటుంది. మూడోది బహుళ అసంతృప్త కొవ్వు. పొద్దుతిరుగుడులో, సోయాలో 60 పాళ్ల దరిదాపు, కుసుమ నూనెలో అంతకంటే ఎక్కువ. ఈ మూడోదానిలో మళ్లీ రెండు తెగలు, ఒమేగా-6, ఒమేగా-3. మన శరీరం ఈ రెండిటినీ సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఒమేగా-6 దాదాపు ప్రతి నూనెలోనూ ఉంది, కొరత రాదు. ఒమేగా-3 పల్లినూనెలో, నువ్వుల నూనెలో, పొద్దుతిరుగుడులో లేనట్టే లెక్క. సోయాలో నూటికి ఏడు పాళ్లు, ఆవనూనెలో పది దాకా, అవిసెగింజల నూనెలో సగం. "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో అచ్చేసిన ప్యాకెట్‌కు అదనంగా ఒక్క పైసా ఇవ్వకండి. కొలెస్ట్రాల్ జంతువుల కొవ్వులో ఉండేది. గింజ నుంచి తీసిన ఏ నూనెలోనూ అది లెక్కపెట్టేంత ఉండదు. ఆవుపాలలో చేప ముళ్లు లేవని చెప్పుకున్నట్టుంటుంది ఆ ప్రకటన.

సంతృప్త కొవ్వు తగ్గించి, ఆ జాగాలో బహుళ అసంతృప్త నూనెలు వాడితే గుండెకు మేలని వైద్యరంగం చాలాకాలంగా చెబుతోంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో పాత ప్రయోగాలను తిరిగి చూసి, అలా మార్చినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు 30 శాతం తగ్గాయని తేల్చింది. దీనికి ఎదురుగా నిలిచేవి రెండు ప్రయోగాలు. గింజనూనెలన్నీ విషమని ఫోన్లలో తిరిగే వీడియోలు తెలిసో తెలియకో వీటి మీదే నిలబడి ఉంటాయి. సిడ్నీలో 1966 నుంచి 1973 దాకా గుండెజబ్బు ఉన్న 458 మంది మగవాళ్ల మీద ఒకటి జరిగింది. ఒక వర్గానికి సంతృప్త కొవ్వు తీసేసి కుసుమ నూనె ఇచ్చారు. మరుగున పడిన లెక్కలను 2013లో వెలికితీసి చూస్తే ఆ వర్గంలోనే మరణాలు ఎక్కువ. అమెరికాలోని మినెసోటాలో 1968 నుంచి 1973 దాకా తొమ్మిది వేల పైచిలుకు మందితో రెండోది జరిగింది. అక్కడ మొక్కజొన్న నూనె వాడారు. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గింది, ప్రాణాలు మాత్రం అదనంగా నిలవలేదు. ఆ ఫలితాలు పూర్తిగా బయటికి వచ్చింది 2016లో.

వీటిని కొట్టిపారేయడం నిజాయితీ అనిపించుకోదు. కానీ ఇవి ఏం చెబుతున్నాయో నిదానంగా చూడాలి. కుసుమ నూనె, మొక్కజొన్న నూనె రెండూ ఒమేగా-6తో నిండి, ఒమేగా-3 లేనివి. అంతకు కొన్నేళ్ల ముందు నార్వేలోని ఓస్లోలో గుండెజబ్బు వచ్చినవాళ్లకు సోయానూనె ఇచ్చిన ప్రయోగం మేలు చూపించింది. సోయాలో రెండు తెగలూ ఉన్నాయి. కాబట్టి గింజనూనె విషమని ఈ ప్రయోగాల నుంచి తేలదు. ఒకే తెగ కొవ్వును, ఒకే నూనె నుంచి, ధారగా పోస్తే మేలు జరగకపోవచ్చునన్నదే తేలుతుంది. మన ఇంటికి దీని అర్థం ఏమిటంటే, గుండెకు మంచిదన్నారని ఏళ్ల తరబడి ఒక్క పొద్దుతిరుగుడుకే అతుక్కుపోవడం తెలివైన పని కాదు. రెండు నూనెలు పెట్టుకోండి. ఒకటి పల్లి, నువ్వులు, తవుడు నూనెల్లో మీకు నచ్చింది. రెండోది సోయా. ఒక ప్యాకెట్ అయిపోయాక ఇంకొకటి తెరిచినా సరే, పోపుకు ఒకటి కూరకు ఒకటి వాడినా సరే. సిరొంచ తాలూకాలో సోయా వెతుక్కోనక్కర్లేదు, ధరా తక్కువే. చౌక కదా అని దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, అందులో అర్థం లేదు. ఆ ఒమేగా-3ని నూనెలోంచే తీసుకోవాలని కూడా లేదు. 2024 మార్గదర్శకాలు కూడా నూనె మితంగా వాడి, మంచి కొవ్వుల కోసం రకరకాల నూనెగింజలూ పప్పులూ తినమన్నాయి. విదర్భ ఇళ్లలో చేసుకునే జవస్ చట్నీ, తెలుగిళ్లలో అవిసెగింజల పొడి అందుకు సరిపోతాయి. వేయించి దంచి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన పొడి రోజుకు ఒక చెంచా చాలు. గోదావరి చేప దొరికితే అది అంతకంటే మేలు, దాన్ని నూనెలో ముంచి వేయించకుండా పులుసు పెట్టుకుంటే.

ఇప్పనూనె దగ్గర వాదన వేడెక్కుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి, వానలు మొదలయ్యే వేళకు కాయలు పండుతాయి. గింజ పగలగొట్టి పలుకు తీసి ఎండబెట్టి ఆడిస్తే పలుకు బరువులో సగం దాకా నూనె ఉంటుంది. బస్తర్ వైపు దీన్నే టోరా నూనె అంటారు. వంటకు, దీపానికి, తలకు, ఒంటి నొప్పులకు ఈ ఒక్కటే వాడిన కాలం ఒకటుంది. ఇప్పుడు దీని గురించి రెండు మాటలు వినిపిస్తాయి. బజారు మనుషులు దీన్ని అడవి మనుషుల మోటు నూనె అంటారు. పట్నంలో సహజ ఆహారం మీద మోజున్నవాళ్లు ఇదే అసలైన ఔషధం అంటారు. దీనిలో ఏముందో చూస్తే రెండు మాటలూ నిలవవు. ఇప్పనూనెలో సంతృప్త కొవ్వు నూటికి 45 పాళ్ల దరిదాపు, ఏక అసంతృప్తం 40, మిగిలింది ఒమేగా-6. అందుకే చలికాలం పొద్దున అది నెయ్యిలా పేరుకుంటుంది. ఇప్పుడు పామాయిల్ చూడండి. సంతృప్త కొవ్వు సుమారు 45, ఏక అసంతృప్తం 40 పైన, మిగిలింది ఒమేగా-6. సముద్రం దాటి వచ్చిన నూనే, ఇంటి వెనక చెట్టు నూనే అంకెల్లో దాయాదుల్లా ఉన్నాయి.

ఈ పోలిక ఎందుకు ముఖ్యమో సర్కారు సరుకుల సంచి చూస్తే తెలుస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2022 దీపావళికి "ఆనందాచా శిధా" పేరుతో 100 రూపాయలకు రవ్వ, శనగపప్పు, చక్కెర కిలో చొప్పున, వాటితో ఒక లీటరు పామాయిల్ ఇచ్చింది. నది అవతల, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న రోజుల్లో, 2013 ఉగాదికి మొదలైన "అమ్మహస్తం"లో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లోనూ లీటరు పామాయిల్ ఉంది. రెండు ఒడ్డుల మీదా పేదింటికి ప్రభుత్వం అందించిన నూనె ఒక్కటే. దాన్ని విషమని ఈసడించి, ఇప్పనూనెను అమృతమని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఒకే రకం కొవ్వుకు రెండు తీర్పులు ఇస్తున్నారు. చిన్న తేడా లేకపోలేదు. ఇప్పనూనెలోని సంతృప్త కొవ్వులో సగం దాకా స్టియరిక్ ఆమ్లం, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు. పామాయిల్‌లో ఎక్కువభాగం పామిటిక్ ఆమ్లం, అది పెంచుతుంది. ఆ మేరకు చెట్టునూనెదే పైచేయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ప్రకారం, సంతృప్త కొవ్వు అంతా కలిపి రోజు తిండి శక్తిలో పదో వంతు దాటకూడదు. 2000 కిలోకేలరీల తిండికి అది 22 గ్రాములు. రోజుకు ఒకటి రెండు చెంచాల ఇప్పనూనెనో పామాయిల్‌నో వాడే ఇల్లు ఆ హద్దు లోపలే ఉంటుంది. పాలు, నెయ్యి, మాంసం అరుదుగా దొరికే కంచంలో అది భయపడాల్సిన సంగతే కాదు. అదే నూనె రోజుకు 50 గ్రాములు పోసి, పైన నెయ్యి వేసి, సాయంత్రం బజ్జీలు తినే ఇంట్లో హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఒకే నూనె ఒక ఇంట్లో బలం, ఇంకో ఇంట్లో భారం. ఎంత, ఇంకేం అన్న ప్రశ్నలను పేరు కంటే ముందు పెట్టింది ఇందుకే.

గానుగ గురించి రెండు మాటలు చెప్పకుండా నూనె అధ్యాయం ముగియదు. విదర్భకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1934లో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం వార్ధాలో మొదలైనప్పుడు, అక్కడి మగన్‌వాడీలో ఎద్దుగానుగను మెరుగుపరచడం ఒక ముఖ్యమైన పని. ఝవేర్‌భాయి పటేల్ తీర్చిదిద్దిన ఆ గానుగ వార్ధా గానుగగా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనాలయంలో నూనెల మీద పనిచేసిన కె. టి. అచ్చయ్య తర్వాతి కాలంలో గానుగ చరిత్ర మీద ఒక పుస్తకమే రాశారు. గానుగ నూనెలో గింజ వాసన, రుచి ఉంటాయి. నువ్వుల నూనెకు తొందరగా చెడిపోకుండా కాపాడే సహజ పదార్థాలు ఉన్నాయి, అవి గానుగలో నిలుస్తాయి. తవుడు నూనెలోని ఒరైజనాల్ అనే అలాంటి పదార్థం కూడా క్షారంతో శుద్ధి చేసే పద్ధతిలో చాలావరకు పోతుంది. ఇదంతా గానుగ వైపు వాదనే. "రిఫైన్డ్ నూనెలో హెక్సేన్ ఉంటుంది" అన్న భయం మాత్రం ఉన్నదానికంటే పెద్దగా ప్రచారమైంది. హెక్సేన్ 69 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోయే ద్రావకం, శుద్ధిలో దాన్ని తీసేస్తారు, మిగిలే పాలు పది లక్షలకు ఐదుకు మించకూడదని మన ఆహార భద్రతా చట్టం నియమం.

గానుగవాళ్లు చెప్పని ముప్పు ఒకటుంది. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. మిల్లులో శుద్ధి చేసినప్పుడు అది చాలావరకు పోతుంది. గానుగలో అలాంటి శుద్ధి లేదు, గింజలో ఉన్నది నూనెలోకి రావచ్చు. ఈ విషం ఎంత పని చేస్తుందో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కనబడింది. బూజు మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిన్న దాదాపు 400 మందిలో 100 మందికి పైగా చనిపోయారు. దానిపై దర్యాప్తు చేసింది హైదరాబాద్ పోషకాహార సంస్థే. అక్కడ అది నూనె వల్ల రాలేదు, ధాన్యం వల్ల వచ్చింది. అయినా బూజు గింజను తేలికగా తీసుకోకూడదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. గానుగ నూనె కొనేటప్పుడు అడగవలసింది గానుగ కట్టెదా ఇనుముదా అని కాదు. గింజ చూపించమని అడగండి. ముడతలు పడి, రంగు మారి, ముక్క వాసన కొడుతున్న పల్లీలు గానుగ పక్కన కనిపిస్తే ఆ నూనె ఎంత స్వచ్ఛమని చెప్పినా వదిలేయండి. గింజ మీరే ఏరి, మీరే తీసుకెళ్లి ఆడించుకుంటే అంతకంటే మంచి నూనె లేదు.

వేయించడం సంగతి త్వరగా చెప్పొచ్చు, ఎందుకంటే ఇక్కడ వాదనకు తావు తక్కువ. బహుళ అసంతృప్త కొవ్వు ఎక్కువున్న నూనె ఎక్కువసేపు మరిగితే తొందరగా పాడవుతుంది. పండగకు అరిసెలో గారెలో చేసినప్పుడు పల్లినూనె, తవుడు నూనె ఆ వేడికి బాగా తట్టుకుంటాయి. పామాయిల్ కూడా తట్టుకుంటుంది, బజ్జీ బండ్లు దాన్ని ఇష్టపడేది చౌక ఒక్కటే చూసి కాదు. ఒకసారి మరిగిన నూనెను వడగట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకు వాడేయండి. దాన్నే మళ్లీ మళ్లీ మరిగించి, తరిగినకొద్దీ కొత్తది కలపడం తప్పు. చట్టం కూడా 2018 జూలై నుంచి మరిగినకొద్దీ నూనెలో పెరిగే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదంటోంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు, కళ్లూ ముక్కూ చాలు. నల్లబడి, జిగురుపట్టి, పొయ్యి మీద పెట్టగానే పొగా నురగా వస్తే దాని పని అయిపోయింది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వును 2022 జనవరి నుంచి రెండు శాతానికి దించారు, మంచి పనే. అయినా డాల్డా వాడి తీరాల్సిన వంట ఏదీ మన ఇళ్లలో లేదు.

"మా తాతలు ఈ లెక్కలేవీ లేకుండా ఇప్పనూనె, నెయ్యి తిని గట్టిగా బతికారు" అనేది చివరికి మిగిలే అభ్యంతరం. తాతల్లో గట్టిగా బతికినవాళ్లే మనకు గుర్తుంటారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల దరిదాపే. అందులో పసిపిల్లల చావులదే పెద్ద పాలు, నూనెకు ఆ నింద వేయలేం. ఆ మాటకొస్తే ఘనతా కట్టబెట్టలేం. ఆ తాతలు నూనె ఏడాదికి ఎంత తిన్నారు, రోజుకు ఎంత నడిచారు అన్నది చెప్పకుండా ఏ నూనె తిన్నారన్నది మాత్రమే చెప్పడం సగం కథ. ఇప్పపలుకు ఏరి, పగలగొట్టి, ఎండబెట్టి, ఆడించి తెచ్చుకునే నూనెను ఎవరూ కడాయి నిండా పోయరు. నూనె ప్యాకెట్ అయ్యాక ఆ అడ్డు తొలగిపోయింది. తాతల నూనె కంటే వాళ్ల గరిట మీద ఉన్న ఆ అదుపును తెచ్చుకోగలిగితే ఎక్కువ ప్రయోజనం.

కొనేటప్పుడు ఈ ప్రాంతంలో ఒక చిక్కుంది. ఒకే నూనె మూడు పేర్లతో కనబడుతుంది. మరాఠీ ప్యాకెట్ మీద శేంగ్‌దాణా అన్నా, హిందీలో మూంగ్‌ఫలీ అన్నా మన పల్లినూనే. కర్డఈ అంటే కుసుమ, తీళ్ అంటే నువ్వులు, మోహరీ అంటే ఆవాలు, జవస్ అంటే అవిసెలు. ముందు బొమ్మ చూసి మోసపోకుండా వెనక అక్షరాలు చదవండి. పల్లీల బొమ్మ ఉన్నా లోపల మిశ్రమ నూనె ఉండొచ్చు, ఏది ఎంత శాతమో చూడండి. మిశ్రమంలో ఏ నూనె అయినా కనీసం 20 శాతం ఉండాలన్నది నియమం, అంటే పేరుగొప్ప నూనె 20, చౌక నూనె 80 ఉన్నా చట్టబద్ధమే. +ఎఫ్ గుర్తు ఉంటే ఎ, డి విటమిన్లు చేర్చారని అర్థం. ఆకుకూర, పాలు తక్కువగా దొరికే ఇంటికి అది పనికొచ్చే గుర్తు. విడి నూనె జోలికి వెళ్లకండి. 1998లో ఢిల్లీలో బలురక్కసి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని అరవై మందికి పైగా చనిపోయాకే వంటనూనె ప్యాకింగ్‌కు దేశవ్యాప్తంగా ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. కళ్లముందు ఆడించి పోసే గానుగ వేరు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పీపా వేరు.

ఇక ఇప్పపలుకు ఇంట్లో ఉన్నవాళ్లు అడిగేది, అమ్మేసి ప్యాకెట్ కొనుక్కోవాలా, ఆడించుకోవాలా అని. ఇంట్లో గుండెజబ్బో, కొలెస్ట్రాల్ ఎక్కువో ఉన్న మనిషి ఉంటే పలుకు అమ్మి సోయా, పల్లి కొనుక్కోవడం మేలు. నెలకు మనిషికి అర లీటరు కూడా పడని ఇల్లయితే, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఉంటే కొంత ఉంచుకుని ఆడించుకోండి, దానికి తోడు ఒక సోయా ప్యాకెట్ పెట్టుకోండి. నూనె ఆడించాక మిగిలే ఇప్పచెక్కను తెలగపిండిలా పశువులకు పెట్టకూడదు. అందులో చేపలను మత్తెక్కించే సపోనిన్‌లు ఉంటాయి, అది పొలానికి ఎరువుగానే వెళ్లాలి. అన్నిటికంటే ముందు పలుకును వాన తడి తగలకుండా ఎండబెట్టాలి. కాయ పండేది ముసురు పట్టే రోజుల్లోనే కాబట్టి ఇది చెప్పినంత తేలిక కాదు. తడి పలుకు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది, నూనె ముక్కి పులిసిపోతుంది. ఎండ లేని రోజుల్లో పొయ్యి పైన అటక మీద పరిచినా సరే, వేళ్ల మధ్య పెట్టి విరిస్తే పుటుక్కున విరిగే దాకా ఆగి, అప్పుడే గానుగకు తీసుకెళ్లండి.